హ్యుయన్ త్సాంగ్ విన్న దక్షిణాపథం

వీపున వెదురు చట్రం, అందులో చుట్టలు చుట్టి పేర్చిన గ్రంథాలు, తలమీదికి వంగిన గొడుగు, దాని ముందు వేలాడే చిన్న దీపం. హ్యుయన్ త్సాంగ్ పేరు చెప్పగానే మన కళ్ళ ముందు నిలిచే బొమ్మ ఇది. ఆయన పోయిన కొన్ని శతాబ్దాలకు గీసిన బొమ్మ. నిజానికి ఆయన తుర్ఫాను రాజు ఇచ్చిన గుర్రాలెక్కాడు, పడవలెక్కాడు, తిరుగుదారిలో హర్షుడిచ్చిన ఏనుగు కూడా ఎక్కాడు. అయినా ఆ చిత్రకారుణ్ణి తప్పుపట్టనక్కరలేదు. పదహారేళ్ళ పైచిలుకు పరాయి దేశాల్లో తిరిగి 657 గ్రంథాలతో ఇల్లు చేరిన మనిషిని వీపు మీద బరువు లేకుండా ఊహించుకోవడం కష్టం.

ఆయన యాత్ర గురించి మనం బడిలో చదువుకొన్నది నలందా, కనౌజ్, హర్షుడి దానాలు. దక్షిణాది ప్రయాణం రెండు వాక్యాల్లో తేలిపోయేది. ఈ పత్రిక చదివేవారికి మాత్రం ఆ రెండు వాక్యాలే ముఖ్యం. 639-641 ప్రాంతంలో ఆయన నడిచిన దారి నేటి ఒడిశా, ఆంధ్ర, తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రల గుండా పోతుంది. మనం రాష్ట్రేతరాంధ్రులమని పేరుపడి బతుకుతున్న నేలలను దాదాపుగా అన్నిటినీ ఒక్క యాత్రలో చుట్టిన తొలినాటి పరదేశి ఆయన.

అసలు దక్షిణానికి రావడం ఆయన ఉద్దేశం కాదు. చేరవలసింది సింహళం. వంగదేశపు తామ్రలిప్తి రేవులో ఓడ ఎక్కుదామనుకొన్నాడు. అక్కడ ఒక దక్షిణాది భిక్షువు, అంత దూరం సముద్రం మీద పోతే గాలివానలు, యక్షుల భయం. నేల మీదుగా దక్షిణపు కొసకు పో, అక్కడినుంచి మూడు రోజుల పడవ ప్రయాణమే, దారిలో పుణ్యస్థలాలు కూడా చూడవచ్చు అని సలహా చెప్పాడు. గోబీ ఎడారిలో నీళ్ళతిత్తి చేజారి నాలుగు రాత్రులు, ఐదు పగళ్ళు చుక్క నీరు లేకుండా నడిచినవాడు, గంగ మీద దొంగలు దుర్గకు బలి ఇవ్వబోతే తప్పించుకొన్నవాడు. అటువంటివాడు కూడా ఓడ ప్రయాణం మానుకొన్నాడు. ఆ పేరులేని భిక్షువు మాట వినకపోతే ఏడవ శతాబ్దపు తెలుగునేల గురించి మనకు ఈ పుటలు ఉండేవి కావు.

ఓడ్రం, కొంగోదం, కళింగం. ఆ తర్వాత తీరం వెంట నేరుగా దిగివస్తే గోదావరి ముఖం దగ్గరికి వచ్చేవాడే. రాలేదు. కళింగం నుంచి వాయవ్యంగా అడవులు పట్టి దక్షిణ కోసలకు పోయి, అక్కడినుంచి మళ్ళీ దక్షిణంగా దిగి ఆంధ్రదేశం చేరాడు. యానాం మిత్రులు ఈ సంగతికి నొచ్చుకోకూడదు.

ప్రతి దేశం గురించీ ఆయన ఒకే మూసలో రాసుకొంటూ పోతాడు. చుట్టుకొలత ఎన్ని లీలు (లీ అంటే సుమారు అరకిలోమీటరు), నేల ఎటువంటిది, పంటలేమిటి, ఎండ ఎంత, మనుషుల రంగూ స్వభావమూ, విహారాలెన్ని, దేవాలయాలెన్ని. వరుసగా చదివితే కొంత విసుగే. కాని ఈ దారిలో ఒక అంశం మళ్ళీ మళ్ళీ తలెత్తుతుంది. అది భాష. ఓడ్రుల మాట మధ్యదేశపు మాటకంటె వేరు అంటాడు. కొంగోదంలో లిపి మధ్యదేశానిదే గాని పలికే తీరు చాలా వేరు అంటాడు. కళింగుల మాట తేలికగా, స్పష్టంగా ఉంటుందనీ, పదాల్లోనూ ధ్వనుల్లోనూ మధ్యదేశానికి దూరమనీ అంటాడు. ఆంధ్రదేశంలో మాటలూ వాక్యాల కూర్పూ వేరు, అక్షరాల రూపం మాత్రం దాదాపు ఒకటే అంటాడు.

ఈ మాటల విలువ తెలియాలంటే అవి ఎవరి చెవివో గుర్తుంచుకోవాలి. ఆయనకు వచ్చిన మన దేశపు భాష సంస్కృతం. దానితో విహారాల్లో భిక్షువులతో ఎంత లోతైన చర్చ అయినా చేయగలడు. విహారం గడప దాటి ఊరిలోకి వచ్చాక నీళ్ళు అడగాలన్నా, దారి అడగాలన్నా సంస్కృతం ఎంతవరకు పనికివస్తుంది? కనుక ఊరి భాష గురించి ఆయన రాసింది అర్థం తెలిసినవాడి మాట కాదు, చప్పుడు విన్నవాడి మాట. తెలియని భాషలు మాట్లాడే పట్నాల్లో కొత్తగా కాపురం పెట్టిన మనవాళ్ళెవరికైనా ఈ వినికిడి తెలిసినదే. ముందు పదాలు తెలియవు; వాక్యం ఎక్కడ లేస్తుందో, ఎక్కడ వాలుతుందో తెలుస్తుంది. వాక్యాల కూర్పు వేరని ఆయన పట్టుకోవడం నాకు అందుకే ఆశ్చర్యంగా ఉంటుంది.

అప్పటికి తెలుగు రాతి మీదికి ఎక్కి రెండు తరాలైంది. కడప సీమలో రేనాటి చోళుల కలమళ్ళ శాసనం 575 ప్రాంతానిది. తెలుగు, కన్నడ లిపులు ఇంకా విడిపోలేదు. ఉత్తరపు అక్షరాలూ ఇవీ ఒక్క బ్రాహ్మి తల్లి బిడ్డలే గనుక, పోలిక ఆయన కంటికి తోచింది. అక్షరం ఒకటే, మాట వేరు. పేరేమిటని అడగలేదో, అడిగినా రాసుకోలేదో, ఆ భాష పేరు మాత్రం ఆయన పుస్తకంలో లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మన సంఘాల వార్షికోత్సవ సంచికల్లో అప్పుడప్పుడు ఒక వాక్యం కనిపిస్తుంది: ఈ ప్రాంతంలో తెలుగువారున్నారని హ్యుయన్ త్సాంగ్ ఏనాడో రాశాడు, అని. ఆయన అలా రాయలేదు. ఆయన చెప్పింది దేశాల గురించి. ఆయన ఆంధ్రదేశం చుట్టూ 3,000 లీల చిన్న దేశం. రాజధాని వేంగి అని ఎక్కువమంది పండితుల నిర్ణయం. దానికి దక్షిణాన 1,000 లీల అడవి దాటితే ధాన్యకటకం. అది ఆయన లెక్కలో వేరే దేశం, 6,000 లీల చుట్టుకొలతతో ఆంధ్రం కంటె పెద్దది. అక్కడినుంచి నైరుతిగా మరో 1,000 లీలు పోతే చోళ్యం. అడవులు, చిత్తడి, పలచని జనం, పట్టపగలే తిరిగే దొంగలు అని వర్ణించాడు. అది కడప, కర్నూలు వైపని, రేనాటి చోళుల సీమేనని చాలామంది అభిప్రాయం. అంటే నేడు మనం తెలుగునేల అనుకొనేది ఆయనకు కనీసం మూడు దేశాలు. 1953లో, 1956లో గీసిన గీతలను, 2014లో మళ్ళీ గీసిన గీతను ఆయన మీద రుద్ది, ఇటువైపు స్వదేశం, అటువైపు ప్రవాసం అని ఆయన చేత సాక్ష్యం చెప్పించలేము. మనకు అనుకూలంగానూ చెప్పించలేము, ప్రతికూలంగానూ చెప్పించలేము. మనం ఉన్నచోట మన హక్కులకు పనికివచ్చే ఆధారాలు శాసనాలు, దేవాలయాల దానపత్రాలు, భూమి పత్రాలు, బడి రికార్డులు. వాటిని వెదికి భద్రపరచడం కష్టం గనుక చైనా యాత్రికుణ్ణి పిలుచుకొస్తున్నాము.

వేంగిలో అప్పటి పాలకులు తూర్పు చాళుక్యులు. మూలపురుషుడు కుబ్జవిష్ణువర్ధనుడు బాదామి పులకేశి తమ్ముడు. కన్నడసీమ నుంచి వచ్చిన ఆ వంశమే తర్వాత నన్నయ్యను పోషించింది. హ్యుయన్ త్సాంగ్‌కు ఇవేమీ పట్టలేదు. ఆయన చూసింది నగరానికి నైరుతిగా ఒక ఒంటరి కొండ, దాని మీద రాతి స్తూపం. దిఙ్నాగుడు తర్కగ్రంథం రచించిన చోటు. దిఙ్నాగుడు కంచి ప్రాంతంలో పుట్టినవాడని టిబెట్ సంప్రదాయం.

ఆయన ప్రయాణపు పరుగు ఆగింది ధాన్యకటకంలో. అక్కడ విహారాలు చాలా ఉన్నా ఎక్కువ పాడుపడ్డాయి. ఇరవై చిల్లర మాత్రం మిగిలాయి, వెయ్యిమంది పైగా భిక్షువులు. దేవాలయాలు వందకు పైన. కొండలమీది పూర్వశైల, అపరశైల విహారాలు నూరేళ్ళుగా మనుషులు లేక ఉన్నాయి. దారిన పోయేవారిని కొండదేవతలు భయపెడుతున్నారని జనం చెప్పుకొన్నారు. ఆయన చూసిన నగరం అమరావతా, విజయవాడా అని పందొమ్మిదో శతాబ్దం నుంచి పండితులు తగువులాడుకొంటున్నారు. అమరావతి మహాస్తూపాన్ని ఆయన స్పష్టంగా వర్ణించకపోవడమే తగువుకు మూలం. ఆ స్తూపపు రాళ్ళు కొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. ఆ ఊరి పాఠకులు బస్సెక్కి పోయి చూడవచ్చు.

నగరం పక్కనే ఒక పెద్ద కొండకొమ్ము ఉంది. భావవివేకుడనే ఆచార్యుడి కథను ఆయన దాని దగ్గరే విన్నాడు. తన సందేహాలు తీర్చగలవాడు రాబోయే మైత్రేయుడొక్కడేనని భావవివేకుడు నిశ్చయించుకొన్నాడు. మంత్రించిన ఆవాలు కొండమీద చల్లితే రాయి తెరుచుకొన్నది. రండి, లోపల మైత్రేయుడి కోసం కాచుకొందామని అక్కడి జనాన్ని పిలిచాడు. పాములపుట్టేమోనని అందరూ వెనక్కు తగ్గారు. ఆరుగురు మాత్రం వెంట వెళ్ళారు. రాయి మూసుకొన్నది.

హ్యుయన్ త్సాంగ్ ఇక్కడ కొన్ని నెలలు ఉండిపోయాడు. ఈ సంగతి ఆయన సొంత వృత్తాంతంలో కాక, శిష్యుడు హుయి-లి రాసిన జీవితచరిత్రలో ఉంది. సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువుల దగ్గర మహాసాంఘికుల అభిధర్మం చదువుకొన్నాడు. బదులుగా వారికి మహాయాన శాస్త్రాలు చెప్పాడు. ఆ నెలల్లో అతిథి లేడు, ఆతిథేయి లేడు. పొద్దున గురువైనవాడు సాయంత్రం శిష్యుడు. తర్వాత ముగ్గురూ కలిసి పుణ్యస్థలాలు చూడబోయారు.

కంచి ఆయనకు ఒకవిధంగా గురువుగారి ఊరు. నలందలో తనకు చదువు చెప్పిన శీలభద్రుడి గురువు ధర్మపాలుడు కంచి మంత్రి కొడుకు. పెళ్ళి ముందు రాత్రి ఇల్లు విడిచి సన్యసించినవాడు. ద్రావిడంలో వందకు పైగా విహారాలు, పదివేలమంది భిక్షువులు. అక్కడి భాషా లిపీ మధ్యదేశానికి కొద్దిగానే వేరు అన్నాడు. తమిళం విన్నవారెవరూ ఈ మాట ఒప్పుకోరు. కంచిలో ఆయన సంస్కృత పండితుల నడుమనే ఎక్కువగా గడిపాడేమోనని నా అనుమానం.

యాత్ర లక్ష్యం అక్కడే ముగిసిపోయింది. సింహళంలో రాజు చనిపోయాడు, కరవు వచ్చింది; అక్కడినుంచి మూడువందల మంది భిక్షువులు పారిపోయి కంచికి వచ్చారు. వారినే యోగశాస్త్రంలో ప్రశ్నలు వేసి చూశాడు. వారి జవాబులు శీలభద్రుడు చెప్పినదాన్ని మించలేదట. వెనక్కు తిరిగే మనిషికి ఆ మాత్రం ఓదార్పు కావలసిందే.

తర్వాత కొంకణపురం, నేటి కర్ణాటకలో ఎక్కడో. మళ్ళీ పెద్ద అడవి, మృగాలు, దొంగలు. ఆ తర్వాత మహారాష్ట్రం. అక్కడివారు మేలు మరువరు, కీడు మరువరు. పగ తీర్చుకొనే ముందు శత్రువుకు కబురు పంపి మరీ వస్తారు. ఓడి వచ్చిన సేనానికి శిక్ష లేదు, ఆడవారి బట్టలు ఇస్తారు అని రాశాడు. పులకేశిని హర్షుడు గెలవలేకపోయాడనీ చెప్పాడు. 634-35 నాటి ఐహోళె శాసనంలో రవికీర్తి చెప్పినదీ అదే. ఆయన వెళ్ళిన కొద్దికాలానికే, 642లో, పల్లవ నరసింహవర్మ వాతాపిని పట్టుకొన్నాడు. రెండు రాజ్యాల గుండా నడిచినా, రాబోయే ఆ యుద్ధపు వాసన ఆయన పుటల్లో లేదు.

645లో చాంగాన్ చేరాడు. సింధునది దాటేటప్పుడు పడవ ఊగి యాభై ప్రతులూ, పూలవిత్తనాలూ నీటిపాలయ్యాయి. మిగిలిన 657లో మహాసాంఘికులవి పదిహేను. సుభూతి, సూర్యుల దగ్గర చదివినవి వాటిలో ఉన్నాయో లేవో జాబితా చెప్పదు. భావవివేకుడి ‘కరతలరత్నం’ మాత్రం ఉన్నది. 649లో దాన్ని ఆయన చైనా భాషలోకి మార్చాడు. సంస్కృత మూలం మనకు దక్కలేదు. 1949లో అయ్యస్వామి శాస్త్రిగారు దాన్ని ఆ చైనా ప్రతి నుంచే తిరిగి సంస్కృతంలోకి తెచ్చారు.