తాటాకు నుంచి అచ్చుదాకా: తెలుగు కావ్యాల మనుగడ

అచ్చు యంత్రం రాకముందు ఏ తెలుగు కావ్యమైనా, తరతరానా ఎవరో ఒకరు పూనుకుని ఎత్తి రాస్తేనే బతికేది. తాటాకులను ఉడికించి, ఆరబెట్టి, నునుపు చేసి, ఘంటం అనే ఇనుప మొనతో అక్షరాలు గీసి, ఆ గీతలు కంటికి ఆనేందుకు మసి పూసి, రంధ్రాల గుండా తాడు దూర్చి కట్టిన కట్టలనే తాళపత్ర గ్రంథాలంటారు. వేడికీ తేమకూ పురుగుకూ అవి కొన్ని తరాలకు మించి నిలవవు గనుక, పాత ప్రతి శిథిలమయ్యేలోగా కొత్త ప్రతి పుట్టకపోతే కావ్యం అక్కడితో అంతరించేది. పదకొండో శతాబ్దపు నన్నయ భారతం నేటికీ చేతికి అందుతోందంటే, నడుమ ఏ తరంలోనూ దాన్ని కోరే పాఠకుడు కరవు కాలేదనే అర్థం. అయితే కావ్యాలను నిలిపింది భక్తి ఒక్కటే కాదు, వాటితో పడిన తగవు కూడా.

1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ నాటికి పలు కావ్యాలు అలాంటి ప్రమాదపు అంచునే ఉన్నాయి. ఆయన కడపలో బంగళా కొని, పండితులనూ లేఖకులనూ జీతమిచ్చి నియమించి, ఒకే గ్రంథానికి దొరికిన ప్రతులన్నిటినీ పక్కపక్కన పెట్టి చదివించాడు. ఒకే పద్యం వేర్వేరు ప్రతుల్లో వేర్వేరు మాటలతో కనిపించడాన్ని పాఠాంతరం అంటారు. వాటిని గుర్తించి, పోల్చి, ఏది సరైనదో తేల్చే పని లేఖకుల తప్పులను ఏరివేయడమే కాక, కావ్యాన్ని పూజాపీఠం నుంచి చదువుబల్ల మీదికి దించింది. 1829లో వేమన పద్యాలు ఆంగ్లానువాదంతో వెలువడ్డాయి. జూలూరి అప్పయ్య వ్యాఖ్యతో మనుచరిత్ర 1851లో అచ్చయింది. బ్రౌన్ పేరు మారుమోగినంతగా ఆ పండితుల పేర్లు వినబడకపోవడం న్యాయం కాదు.

తగవు సంగతికి రాధికాసాంత్వనం కంటే మంచి ఉదాహరణ లేదు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఏలిన మరాఠా రాజు ప్రతాపసింహుని ఆస్థానంలోని ముద్దుపళని రచించిన ఈ శృంగార కావ్యం 1887లో అచ్చయినా, కొన్ని పద్యాలూ, కవయిత్రి తన వంశాన్నీ విద్వత్తునూ చెప్పుకున్న అవతారికా, అంటే కావ్యపు తొలి భాగం, అందులో చోటు చేసుకోలేదు. తాళపత్ర ప్రతి సంపాదించి, గాయని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో వావిళ్లవారి ద్వారా పూర్తి పాఠాన్ని వెలువరించింది. స్త్రీ నోట రాదగని మాటలని కందుకూరి వీరేశలింగం ఈ కావ్యాన్ని అంతకుముందే నిందించగా, ఆయన సొంత రచనలో అంతకు మించిన శృంగారం లేదా అని ఆమె ఎదురు ప్రశ్నించింది. సంస్కర్తగా ఆయన చేసిన మేలును తక్కువ చేయనక్కర్లేదు గానీ, ఈ వాదంలో నెగ్గింది నాగరత్నమ్మే: పురుషులు రాస్తే రసం, స్త్రీ రాస్తే దోషం అనే కొలతబద్ద అక్కడ బయటపడింది. ఆ కొలతబద్ద నేటికీ చెల్లుతున్నందువల్లనే ఆ పాత పుస్తకం ఇప్పటి పాఠకునికి కొత్తగా తగులుతుంది.

వాదంలో నెగ్గినా పుస్తకానికి చిక్కులు తప్పలేదు. అశ్లీలమనే ఆరోపణపై 1911లో మద్రాసు పోలీసులు ప్రతులను స్వాధీనం చేసుకోగా, ప్రభుత్వ నిషేధం దశాబ్దాలపాటు కొనసాగి, టంగుటూరి ప్రకాశం ప్రభుత్వ హయాంలో 1947లో తొలగిపోయింది. వావిళ్లవారు 1952లో కావ్యాన్ని మళ్లీ అచ్చువేశారు. 2011లో ఆంగ్లానువాదమూ వెలువడింది.