ఉప్పల్ రోడ్డు ఇంక్యుబేటర్లు: ప్రజల డబ్బు ఎవరి వ్యాపారాన్ని పొదుగుతోంది?

తార్నాక నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వెళ్లే రోడ్డు పొడవునా ప్రభుత్వ పరిశోధనా సంస్థలు కనిపిస్తాయి. ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ. పక్కనే ఉస్మానియా యూనివర్సిటీ. హబ్సిగూడ చౌరస్తాలో ఒక దారి నాచారం పారిశ్రామిక వాడకు, ఇంకో దారి ఉప్పల్ పారిశ్రామిక వాడకు పోతుంది. ఒకవైపు డాక్టరేట్లు, ల్యాబులు. ఇంకోవైపు షెడ్లు, షిఫ్టులు, కాంట్రాక్టు కూలీలు. ఈ రెండు లోకాల మధ్య కొత్తగా వచ్చి చేరింది ఇంక్యుబేషన్ కేంద్రం. క్యాంపస్‌లో పుట్టిన ఆలోచనను కంపెనీగా మార్చడం దాని పని.

విద్యలో, ఉద్యోగంలో రిజర్వేషన్ కోసం మన ముందు తరాలు పోరాడాయి. ఇప్పుడు యూనివర్సిటీల్లోకి వచ్చే ప్రభుత్వ డబ్బులో కొంత భాగం సీట్లకూ పోస్టులకూ కాకుండా స్టార్టప్‌లకు వెళుతోంది. ఆ డబ్బు ఏ దారిలో పోతుందో, ఆ దారిలో మనం ఎక్కడ ఆగిపోతున్నామో విద్యార్థులకూ కార్యకర్తలకూ ఒకచోట చెప్పాలన్నది మా ప్రయత్నం.

ఇంక్యుబేటర్ అంటే ఏమిటి

కోడిగుడ్లను పొదిగే యంత్రం పేరు ఇది. 1959లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం, బటావియా పట్టణంలో మూతపడ్డ వ్యవసాయ యంత్రాల ఫ్యాక్టరీని ఒక వ్యాపార కుటుంబం కొన్నది. దాన్ని భాగాలుగా విడగొట్టి చిన్న వ్యాపారాలకు అద్దెకిచ్చింది. ఫ్యాక్టరీ పోయి పని కోల్పోయిన ఊరికి మళ్లీ పని తేవాలన్నది ఉద్దేశం. అద్దెకు వచ్చిన వాటిలో ఒక కోడిపిల్లల హేచరీ కూడా ఉంది. ఆ పేరు అక్కడి నుంచే వచ్చిందని చెబుతారు.

మన దేశంలో ఈ పని కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ కింద 1982లో ఏర్పడిన బోర్డుతో మొదలైంది. 2016లో నీతి ఆయోగ్ కింద అటల్ ఇన్నోవేషన్ మిషన్ వచ్చాక వేగం పెరిగింది. ఈ మిషన్ కింద ఎంపికైన ఒక్కో కేంద్రానికి ఐదేళ్లలో 10 కోట్ల రూపాయల దాకా గ్రాంటు ఇస్తారు. సీసీఎంబీలోని అటల్ ఇంక్యుబేషన్ సెంటర్ అలా వచ్చిందే. జీవశాస్త్ర రంగంలోని స్టార్టప్‌లకు అది ల్యాబు, పరికరాలు, సలహా ఇస్తుంది. దేశీయ ఎంఆర్‌ఎన్‌ఏ వ్యాక్సిన్ టెక్నాలజీని రూపొందించినట్టు 2022 మేలో ప్రకటించింది కూడా ఈ కేంద్రంతో కలిసి పనిచేసిన బృందమే. ఉస్మానియాలోనూ టెక్నాలజీ బిజినెస్ ఇంక్యుబేటర్ ఉంది. నగరానికి అటు చివర గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ ఇంక్యుబేటర్, సెంట్రల్ యూనివర్సిటీ ఇంక్యుబేటర్లు ఉన్నాయి. టీ-హబ్ కూడా 2015 నవంబరులో ట్రిపుల్ ఐటీ క్యాంపస్‌లోనే మొదలైంది.

ఇంక్యుబేటర్ ఇచ్చేవి ముఖ్యంగా నాలుగు: తక్కువ అద్దెకు చోటు, సొంతంగా కొనలేని పరికరాలు, కంపెనీ రిజిస్ట్రేషన్ నుంచి పేటెంట్ దాకా సలహా, పెట్టుబడిదారులతో పరిచయం. మొదటి మూడూ ప్రజల డబ్బుతో నడుస్తాయి. నాలుగోది కులంతో నడుస్తుంది. 2012లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో అజిత్, డాంకర్, సక్సేనా ఒక పరిశోధన ప్రచురించారు. దేశంలోని 1,000 పెద్ద కంపెనీల బోర్డు సభ్యుల్లో దాదాపు 93 శాతం అగ్రకులాల వాళ్లని, ఎస్సీ, ఎస్టీలు కలిపి 3.5 శాతమేనని అది లెక్క తేల్చింది. పరిచయాలు అక్కడి నుంచే వస్తాయి.

మెట్టు ఎక్కేకొద్దీ ఖాళీ

దళితులు వ్యాపారం చేయడం లేదనేది అబద్ధం. 2015-16 జాతీయ నమూనా సర్వే 73వ రౌండ్ ప్రకారం దేశంలోని సూక్ష్మ పరిశ్రమల్లో 12.48 శాతం ఎస్సీల చేతుల్లో ఉన్నాయి. చిన్న పరిశ్రమలకు వచ్చేసరికి అది 5.50 శాతానికి పడిపోయింది. మధ్యతరహా పరిశ్రమల్లో సర్వేకు దొరికింది 0.00 శాతం. 2011 జనాభా లెక్కల్లో ఎస్సీలు 16.6 శాతం.

ఈ మూడు అంకెలు చాలు, అసలు విషయం తెలుస్తుంది. మొదలుపెట్టే ధైర్యం, పనితనం మన దగ్గర ఉన్నాయి. పై మెట్టుకు చేర్చే పెట్టుబడి, మార్కెట్, భూమి లేవు. ఇంక్యుబేటర్ ఉన్నదే ఆ పై మెట్టు కోసం. కాబట్టి దాని తలుపు ఎవరికి తెరుచుకుంటుందనేది సామాజిక న్యాయానికి సంబంధించిన ప్రశ్న.

మార్కెట్ ఎలా మూసుకుంటుందో అంబేడ్కర్ జీవితమే చెబుతుంది. విదేశీ చదువు తర్వాత బరోడా ఉద్యోగంలో అవమానాలు పడి బొంబాయి తిరిగొచ్చిన ఆయన, షేర్లూ పెట్టుబడుల మీద సలహా ఇచ్చే సంస్థ పెట్టారు. సలహాదారు అంటరానివాడని తెలిశాక ఖాతాదారులు రావడం మానేశారు. సంస్థ మూతపడింది. కొలంబియాలో ఆర్థికశాస్త్రం చదివిన మనిషికే ఇది జరిగింది. అదే మనిషికి 1953 జనవరి 12న ఉస్మానియా యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆ యూనివర్సిటీలో ఇవాళ ఇంక్యుబేటర్ నడుస్తున్నప్పుడు ఆ చరిత్ర దానికి గుర్తుండాలి.

నాలుగు గుమ్మాలు

మొదటిది, జీతం లేని ఏడాది. ఆలోచన కంపెనీగా మారేదాకా ఇల్లు ఎలా గడవాలి? 2016 జనవరి 16న ఢిల్లీలో స్టార్టప్ ఇండియా మొదలైంది. మరునాడు, జనవరి 17న, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయాడు. అప్పటికి ఏడు నెలల ఫెలోషిప్ ఆయనకు అందలేదు. ఫెలోషిప్‌లో సగం ఇంటికి పంపే పరిశోధకుడికి రిస్క్ తీసుకోమని చెప్పడం తేలిక. తండ్రి ఆస్తి ఉన్నవాడికి అది రిస్క్. మనకు అది ఇంట్లో పొయ్యి ఆరిపోవడం.

రెండోది, కంపెనీ రూపం. కేంద్ర ప్రభుత్వం స్టార్టప్‌గా గుర్తించాలంటే 2019 నిబంధనల ప్రకారం అది ప్రైవేట్ లిమిటెడ్, ఎల్‌ఎల్‌పీ లేదా రిజిస్టరైన భాగస్వామ్య సంస్థ అయి ఉండాలి. ఒక్కడే యజమానిగా నడిపే షాపుకు, వర్క్‌షాపుకు ఆ గుర్తింపు రాదు. మన వాళ్ల వ్యాపారాల్లో ఎక్కువ భాగం ఆ రూపంలోనే ఉన్నాయి. నాచారంలో లేత్ మిషన్ మీద ఇరవై ఏళ్లు పనిచేసి సొంతంగా షెడ్డు పెట్టిన మనిషి ఎంత కొత్త పని చేసినా, లెక్కల్లో స్టార్టప్ కాడు.

మూడోది, ఎంపిక కమిటీ. యూనివర్సిటీ సీటుకు, పోస్టుకు రోస్టర్ ఉంది. ఇంక్యుబేటర్‌కు లేదు. చాలా ఇంక్యుబేటర్లు కంపెనీల చట్టం సెక్షన్ 8 కింద లాభాపేక్ష లేని వేరే కంపెనీలుగానో, సొసైటీలుగానో రిజిస్టరై ఉంటాయి. భవనం క్యాంపస్‌ది, గ్రాంటు ప్రభుత్వానిది, నిర్ణయం మాత్రం ఆ కంపెనీది. పది నిమిషాల ప్రజెంటేషన్, ఇంగ్లిష్ ధాటి, ఎవరి సిఫారసు మీద వచ్చారన్నది అక్కడ తూకం వేస్తాయి. దీన్నే మెరిట్ అంటున్నారు.

నాలుగోది, బయటికి వచ్చాక చోటు. ఇంక్యుబేటర్‌లో రెండు మూడేళ్లే ఉండనిస్తారు. తర్వాత తయారీకి షెడ్డు కావాలి. అక్కడే ఉప్పల్, నాచారం కథ మారుతోంది. నగరం తూర్పు వైపుకూ ఐటీని విస్తరించాలని తెలంగాణ ప్రభుత్వం 2020లో గ్రిడ్ విధానం తెచ్చింది. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, మౌలాలి లాంటి పాత పారిశ్రామిక వాడల భూములను ఐటీ పార్కులుగా మార్చుకునే వీలు కల్పించింది. 2025లో అవుటర్ రింగ్ రోడ్డు లోపలి పారిశ్రామిక భూములను బహుళ వినియోగానికి మార్చే విధానం వచ్చింది. ఒకప్పుడు పరిశ్రమ కోసం ప్రభుత్వం చవకగా ఇచ్చిన భూమి ఇది. బటావియాలో ఖాళీ ఫ్యాక్టరీ చిన్నవాళ్లకు గూడు అయింది. ఇక్కడ అది అద్దాల భవనం అవుతుంటే, మొదటి తరం దళిత ఉత్పత్తిదారుడు అద్దె భరించలేక నగరం అంచుకు పోవాల్సి వస్తుంది.

కాగితం మీద ఉన్న హక్కులు

మన కోసం పథకాలు లేకపోలేదు. విద్యార్థులు తెలుసుకోవాల్సినవి ఇవి:

- అంబేడ్కర్ సోషల్ ఇన్నోవేషన్ అండ్ ఇంక్యుబేషన్ మిషన్: 2020 సెప్టెంబరు 30న మొదలైంది. నాలుగేళ్లలో 1,000 మంది ఎస్సీ యువతను గుర్తించి, ఒక్కొక్కరికి మూడేళ్లలో 30 లక్షల దాకా వాటా పెట్టుబడి ఇవ్వాలన్నది లక్ష్యం. ఎస్సీల వెంచర్ క్యాపిటల్ ఫండ్‌లో ఇది భాగం.
- టీ-ప్రైడ్: 2014 నవంబరు 29న తెలంగాణ ప్రభుత్వం జీవో 29 ద్వారా తెచ్చింది. ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికులకు స్థిర పెట్టుబడిలో 35 శాతం, గరిష్ఠంగా 75 లక్షల రాయితీ. పథకం పూర్తి పేరులోనే 'దళిత పారిశ్రామికుల ఇంక్యుబేషన్' అని ఉంది.
- నిధి: సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖది. నమూనా తయారీకి ప్రయాస్ కింద 10 లక్షల దాకా గ్రాంటు. ఆలోచన మీద పనిచేసే కాలానికి నెలకు 30 వేల దాకా ఫెలోషిప్.
- స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్: 2021లో వచ్చింది. 945 కోట్ల పథకం. నమూనా దశలో 20 లక్షల దాకా గ్రాంటు.
- బయోటెక్నాలజీ ఇగ్నిషన్ గ్రాంట్: బైరాక్ ఇస్తుంది. 18 నెలలకు 50 లక్షల దాకా.
- ప్రభుత్వ కొనుగోళ్లు: కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి కొనాలి. 2012 ఉత్తర్వు అది.

ఇందులో ఒక చిక్కు ఉంది. నిధి, సీడ్ ఫండ్ ఇంక్యుబేటర్ల ద్వారానే అందుతాయి. అంబేడ్కర్ మిషన్ కూడా ప్రధానంగా ఇంక్యుబేటర్లు గుర్తించిన వాళ్ల మీదే ఆధారపడింది. అంటే ఎస్సీల పేరుతో ఉన్న డబ్బు ఎస్సీ యువతకు చేరాలన్నా ముందు ఆ మూడో గుమ్మం దాటాలి. అక్కడ రోస్టర్ లేదు. లోపల మన వాళ్లు లేకపోతే పైనుంచి వచ్చిన నిధి ఎవరికి పోవాలి? అర్హులు దొరకలేదని రాసి వెనక్కి పంపడం మనకు బ్యాక్‌లాగ్ పోస్టుల దగ్గర అలవాటైన కథే.

మనం అడగాల్సినవి

సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(హెచ్) ప్రకారం ప్రభుత్వం నుంచి గణనీయంగా నిధులు పొందే సంస్థ కూడా పబ్లిక్ అథారిటీయే. ఇంక్యుబేటర్ తాను ప్రైవేటు కంపెనీనని తప్పించుకోజూస్తే యూనివర్సిటీకీ, నిధులిచ్చిన శాఖకూ దరఖాస్తు పెట్టవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఈ ప్రశ్నలు వేయండి:

1. మొదలైనప్పటి నుంచి ఏడాదివారీగా ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని ఎంపికయ్యాయి? వాటిలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మహిళల సంఖ్య ఎంత?
2. ఎంపిక కమిటీలో, డైరెక్టర్ల బోర్డులో ఎస్సీ, ఎస్టీ సభ్యులు ఎందరు?
3. ఏయే పథకాల కింద ఎంత గ్రాంటు వచ్చింది, ఎంత ఖర్చయింది?
4. అంబేడ్కర్ మిషన్‌కు ఎందరి పేర్లు పంపారు?
5. దరఖాస్తు, ఇంటర్వ్యూ తెలుగులో చేసే వీలుందా?

మొదటి ప్రశ్నకు 'కులాల వివరాలు సేకరించడం లేదు' అన్న జవాబు వస్తే దాన్ని దాచిపెట్టుకోండి. లెక్కే పెట్టనివాడు వివక్ష లేదని చెప్పలేడు.

డిమాండ్లు కూడా స్పష్టంగా ఉండాలి. ప్రభుత్వ గ్రాంటు తీసుకునే ప్రతి ఇంక్యుబేటర్‌లో జనాభా నిష్పత్తిలో ఎస్సీ, ఎస్టీలకు చోటు ఉండాలి. నెలవారీ ఫెలోషిప్ లేకుండా ఎవరినీ చేర్చుకోకూడదు. తెలంగాణ 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద ఇందుకు డబ్బు కేటాయించవచ్చు. ఉప్పల్, నాచారంలో రూపం మార్చుకునే ప్రతి పారిశ్రామిక భూమిలో కొంత భాగాన్ని ప్రభుత్వం తీసుకుని, తక్కువ అద్దె షెడ్లుగా మొదటి తరం ఉత్పత్తిదారులకు ఇవ్వాలి. ఐటీఐ, పాలిటెక్నిక్ చదివినవాళ్లకు, ఫ్యాక్టరీలో పనితనం నేర్చుకున్నవాళ్లకు ఆ ల్యాబుల తలుపులు తెరవాలి.

వచ్చే విద్యా సంవత్సరంలో ఇంక్యుబేటర్ దరఖాస్తుల ప్రకటన పడినప్పుడు విద్యార్థి సంఘాలు దాన్ని అడ్మిషన్ నోటిఫికేషన్‌లాగే చదవాలి. ఎన్ని చోట్లు, ఎవరికి ఎన్ని, కమిటీలో ఎవరు అని అడగాలి. హాస్టల్ గదుల్లో ఆలోచన ఉన్న ప్రతి ఒక్కరి చేత దరఖాస్తు పెట్టించాలి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకోవాలి. సీట్ల విషయంలో మనం చేసిన పని ఇదే. స్టార్టప్‌ల విషయంలోనూ మొదలు ఇక్కడే.