లకుముకి పిట్టకు గ్రీకు ఇంటిపేరు

తేలినీలాపురం వచ్చేవాళ్ల కళ్లన్నీ చెట్ల మీది గూడబాతుల మీదే. పక్కనే కరెంటు తీగ మీద కూర్చున్న లకుముకి పిట్టను ఎవరూ పట్టించుకోరు. ఏడాదంతా మనతోనే ఉండేదానికి మర్యాద ఏముంటుంది! కానీ హాల్సియన్ స్మిర్నెన్సిస్ అనే దాని శాస్త్రీయ నామంలో ఓ గ్రీకు రాణి ఉంది.

ఆమె అల్సియోనీ. గాలుల అధిపతి ఇయోలస్ కూతురు, ట్రాకిస్ రాజు సీయిక్స్ భార్య. మొగుడు సముద్రం మీద ప్రయాణమైతే వద్దని కాళ్లావేళ్లా పడింది. పుట్టింట్లో గాలుల ఆగడాలు చూస్తూ పెరిగిన మనిషి మరి. అతను వినలేదు. ఓడ తుపానులో మునిగింది. ఒడ్డుకు కొట్టుకొస్తున్న శవాన్ని చూసి ఆమె కెరటాల మీదికి దూకింది. దేవతలు జాలిపడి ఇద్దరినీ పక్షులను చేశారు. రోమన్ కవి ఓవిడ్ ‘మెటమార్ఫసెస్’ 11వ భాగంలో ఈ కథను తీరిగ్గా చెప్పాడు. వేటకెళ్లిన పడవ కోసం భావనపాడులోనో మంచినీళ్లపేటలోనో ఒడ్డున ఎదురుచూసిన ఇల్లాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆ పక్షి, అంటే లకుముకి, నడిచలికాలంలో నీటి మీద తేలే గూట్లో గుడ్లు పొదుగుతుందని, అన్నాళ్లూ తండ్రి గాలులను కట్టేస్తాడని గ్రీకుల నమ్మకం. అరిస్టాటిల్ అంతటివాడు కూడా డిసెంబరులో పగలు బాగా కురచైన రోజుకు ముందు ఏడు, తర్వాత ఏడు రోజులని లెక్క రాశాడు. నిజానికి లకుముకి గట్టులో బొరియ తవ్వి గుడ్లు పెడుతుంది. ఆ ప్రశాంతత లెక్క మన తీరానికి అసలే కుదరదు. బంగాళాఖాతంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలోనే తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడితోటలను నేలమట్టం చేసింది.

మన తెల్లగొంతు లకుముకికి 1758లో ప్రకృతి శాస్త్రవేత్త లినేయస్ పెట్టిన పేరులో స్మిర్నా ఉంది. అంటే నేటి టర్కీలోని ఇజ్మీర్. హాల్సియన్ అనే ప్రజాతిని స్వెయిన్‌సన్ 1821లో ఏర్పరిచాడు. తమాషా ఏమిటంటే, సముద్రపు రాణి పేరు మోస్తున్న ఈ పిట్టకు నీళ్లతో అంత పని లేదు. కొబ్బరితోటలో మిడతలు, తొండలు దొరికితే చాలు.

పేరు అక్కడితో ఆగలేదు. సముద్రంలో దొరికే స్పంజిలాంటి వాటిని ఆ పక్షి గూళ్లనుకుని అల్సియోనియం అనేవారు. లినేయస్ ఆ పేరును ఒక రకం మెత్తటి పగడాలకు అంటగట్టాడు. కృత్తికల్లో అన్నిటికన్నా ప్రకాశవంతమైన చుక్క పేరూ అల్సియోనీయే. మనకు సుమారు 440 కాంతి సంవత్సరాల దూరం. అయితే ఆ అల్సియోనీ అట్లాస్ కూతురు, పేరొకటే గాని మనిషి వేరు. ఇక లీచ్ అనే ఆంగ్లేయుడు 1815లో, లకుముకికి లాటిన్ పేరైన అల్సిడో అక్షరాలను అటూ ఇటూ చేసి డసెలో అని ఆస్ట్రేలియా కూకబరాకు తగిలించాడు. శాస్త్రవేత్తలకూ పొద్దుపోని రోజులుంటాయి.

మరి సీయిక్స్? 1799లో లాసెపేడ్ చిట్టి లకుముకిల ప్రజాతికి ఆ పేరు పెట్టాడు. పడమటి కనుమల అడవుల్లో కనిపించే బుల్లి పిట్ట, సీయిక్స్ ఎరితాకా, ఆ ప్రజాతిదే. 1837లో స్వెయిన్‌సన్ మళ్లీ పూనుకుని ఆస్ట్రేలియా నీలి లకుముకికి అల్సియోనీ అనే వేరే ప్రజాతి కట్టాడు. అలా భార్యాభర్తలు పుస్తకాల్లో చాలాకాలం విడివిడిగానే ఉన్నారు. డీఎన్‌ఏ పరిశోధనలు వచ్చాక ఆ లెక్కలు మారాయి. అల్సియోనీ ప్రజాతిని తీసుకెళ్లి సీయిక్స్‌లో కలిపేశారు. ఆ నీలి పిట్ట ఇప్పుడు సీయిక్స్ అజూరియస్.