శ్రీశైల శిఖరమునకు కాలినడక

శ్రీశైల శిఖరమును దర్శించినవారికి పునర్జన్మము లేదందురు. శిఖరమును జేరులోపలనే యీ జన్మము ముగియకుండుటకు మన పూర్వులు చేసికొన్న యేర్పాటులను గూర్చి నేడు ముచ్చటించెదను.

శిఖరేశ్వరము ఆలయమునకు సుమారు 8 కిలోమీటర్ల దూరమున, సముద్రమట్టమునకు 2,830 అడుగుల యెత్తున నున్నది. అచ్చట నందిపై నువ్వులుంచి, కొమ్ముల నడుమనుండి ఆలయశిఖరమును జూతురు. ఇప్పుడు బండ్లు అచ్చటికే పోవుచున్నవి. పూర్వము ఆత్మకూరు వైపువారు వెంకటాపురము, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నడిచి కైలాసద్వారము నెక్కెడివారు. ఎఱ్ఱన నాదరించిన ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దమున శ్రీశైలమునకు సోపానములు కట్టించెను. మెట్లు కాళ్లకు సాయపడును గాని యెలుగుగొడ్డును దొలగించునా? అందుకు చెంచులే కావలసివచ్చిరి. వారు యాత్రికులకు దారి చూపి, కాపు గాచి, రుసుము గైకొనెడివారు. దానిని దోపిడి యన్నవారును గలరు. నాకు మాత్రము అది న్యాయమైన కూలిగనే తోచును.

ఉగాది యాత్రాకాలమే ఇప్పపూలు రాలు కాలము. ఆ పూవు ఎలుగునకు మిక్కిలి ప్రియము. తెల్లవారుజామున చెట్ల క్రిందికి జేరును. దానికి చూపు మందము. పుట్టను త్రవ్వి చెదలను పీల్చునపుడు తాను చేయు చప్పుడులో మన యడుగుల సవ్వడి దానికి వినబడదు. దగ్గరకు బోయినపిమ్మట ఉలికిపడి మీద బడును. గుంపుగా నడచుచు, జేగంట మ్రోయించుచు, శివనామము నెలుగెత్తి పలుకుట భక్తియే. ఎలుగునకు ముందుగా తెలియజేయుటయు నదియే.

1982వ సంవత్సరమున మా గుంపులోని మిత్రు డొకడు, చల్లపూట మేలని, వేకువకు ముందే యొంటరిగా సాగెను. మేము వెనుక నుండి చూచునప్పటికి ఇప్పచెట్టు క్రింద ఎలుగు, దాని వీపున రెండు పిల్లలు. మా చెంచు పెద్ద "ఉరకమాక సామీ! పిల్లల తల్లి. దాన్నే చూస్తా ఎనక్కి రా" యని కేకవేసెను. మిత్రుడు పరుగెత్తెను. చెట్టెక్కబోయెను గూడ; ఆ విద్య ఎలుగునకు మనకంటె బాగుగ వచ్చును. భుజము చీలిపోయెను. అందరము జేగంటలు బాదుచు అరవగా, అది పిల్లలతో పొదలలోనికి బోయెను. పంచెలు కఱ్ఱకు గట్టి డోలి చేసి, అతనిని వెంకటాపురమునకు మోసికొనివచ్చితిమి. ఆ యేడు మాకు శిఖరదర్శనము లేదు.

మరుసటి యేడు అతడే జేగంట పట్టి నడుమ నడచెను. నంది కొమ్ముల నడుమ ఆలయశిఖరము కనబడినదని యతడు కన్నీరు పెట్టుకొనెను. నాకు ఎండమసక తప్ప మరేమియు కానరాలేదు. ఆ మాట అతనితో జెప్పలేదు.