పంపు తుపాకీ, మా అబ్బ తుపాకీ

మా సీమోళ్ళకీ తుపాకులకీ సినిమావాళ్ళు కట్టిన లంకె ఒకటుంది, దాన్ని కాసేపు పక్కన పెట్టండి. నేను చెప్పబోయేది పాయింట్ టూ టూ రైఫిల్ గురించి. అదీ పాతకాలంది, పంపు కొట్టేది.

మొన్నామధ్య టెక్సాస్‌లో ఉండే మా క్లాస్‌మేట్ వీడియో కాల్‌లో తను కొన్నది చూపించాడు. వించెస్టర్ మోడల్ 1890. బారెల్ కింద చెక్క పిడి ఉంటుంది. దాన్ని వెనక్కి లాగితే ఖాళీ తూటా బయటికి ఎగురుతుంది, ముందుకి తోస్తే కొత్తది లోపలికెళ్ళి కూర్చుంటుంది. అంతే సంగతి! బ్రౌనింగ్ అన్నదమ్ములు 1888లో పేటెంట్ తీసుకున్న డిజైన్ ఇది. 1932లో మోడల్ 62 వచ్చేదాకా 8 లక్షలకు పైగా తయారయ్యాయి. ఒక్క స్క్రూ విప్పితే రెండు ముక్కలవుతుంది, సంచీలో పెట్టుకుని పోవచ్చు. కంప్యూటర్ లేని రోజుల్లో ఇంత శుభ్రమైన డిజైన్ ఎలా చేశారా అని నాకు కుళ్ళు పుట్టింది.

కొనేవాళ్ళు ఒకటి చూసుకోవాలట. ఒక్కో తుపాకీ ఒక్కో రకం తూటాకే చేశారు, బారెల్ మీద ఏది రాసుంటే అదే వాడాలి. రెండోది, బారెల్ లోపలి గాడులు. అమెరికా తిరునాళ్ళలో డబ్బులిచ్చి గురి చూసి కాల్చే అంగళ్ళు ఉండేవి. అక్కడ పనిచేసిన తుపాకులు వేలకు వేల గుళ్ళు కాల్చి లోపల అరిగిపోయి ఉంటాయి. పైన ఎంత మెరిసినా లాభం లేదు.

తిరునాళ్ళ అంగడి అనగానే నాకు కదిరి గుర్తొచ్చింది. మాది ఓబులదేవరచెరువు పక్క పల్లె. ఫాల్గుణంలో నరసింహస్వామి తేరుకి పోతే మా పిల్లకాయలందరికీ బుగ్గలు కాల్చే అంగడే ముఖ్యం, తేరు తర్వాత. అక్కడుండేది మధ్యకి విరిచి గుండు పెట్టే ఎయిర్‌గన్. అసలు తుపాకీ మాత్రం మా అబ్బ దగ్గరుండేది. చేని కాపలాకి లైసెన్సుతో తీసుకున్న నాటు తుపాకీ. మందు పోసి, గుడ్డ కూరి, రవ్వలు వేసి, కడ్డీతో దట్టించాలి. ఒక దెబ్బ పేలిస్తే శెనక్కాయ చేన్లో పందులు పరిగెత్తేవి. మళ్ళీ దట్టించేలోపు ఇంకో మూల నుంచి వచ్చేవి. "ఒగ దెబ్బతోనే ఐపోవల్ల రా, రెండోది వాటికి తెలుసు" అనేవాడు అబ్బ.

అమెరికాలో పన్నెండేళ్ళ పిల్లోడి చేతిలో పదిహేను తూటాల పంపు తుపాకీ ఉన్న కాలం నుంచి మా రైతు చేతిలో ఒంటి గుండు తుపాకీయే ఎందుకుంది? పేదరికం ఒక్కటే కాదు, చట్టం కూడా. 1800లో నిజాం మా జిల్లాల్ని కంపెనీకి ఇచ్చేశాక కలెక్టరుగా వచ్చిన మన్రో చేసిన మొదటి పనుల్లో ఒకటి పాళెగాళ్ళ బలగాలను విప్పేయడం. లిట్టన్ దొర 1878లో ఆయుధాల చట్టం తెచ్చాడు. మనవాళ్ళకి లైసెన్సు కావాలి, తెల్లోళ్ళకి మినహాయింపు. సరే, దొరలు పోయారు. మనం రాసుకున్న 1959 చట్టం మాత్రం ఏం చేసింది? పంట కాపాడుకునే రైతు పేరు పక్కన మూతి నుంచి మందు దట్టించే తుపాకీ అని రాసింది. పాయింట్ టూ టూని రైఫిల్ క్లబ్బు సభ్యుడి గురి సాధనకి కేటాయించింది. ఓడీసీ పల్లెల్లో రైఫిల్ క్లబ్బు ఎక్కడిది చెప్పండి!

ఇదంతా తప్పని అనను. మా ప్రాంతంలో పగలు చూసినవాణ్ణి, ఇంటింటికీ పదిహేను తూటాలుంటే ఏమయ్యేదో ఊహించగలను. నాకు నచ్చనిదల్లా చేనినీ క్లబ్బునీ వేరు చేసిన ఆ లెక్కే.

అన్నట్టు, అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఒక మాట. హెచ్-వన్ మీద ఉంటే తుపాకీ కొనడమే కాదు, రేంజిలో అద్దెకు తీసుకుని పట్టుకోవడం కూడా ఫెడరల్ నేరమే. 1998 నుంచి ఉన్న రూలు ఇది. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు. మావాడు ముందు అది తీసుకున్నాకే కొన్నాడు. ఫొటో కోసమని ఎవరిదో చేతిలోకి తీసుకోకండి.

అబ్బ తుపాకీ ప్రతి ఎన్నికలకీ స్టేషన్లో అప్పజెప్పాల్సొచ్చేది. అయిపోయాక పోయి తెచ్చుకునేవాడు, నూనె గుడ్డతో రెండు రోజులు తుడిచేవాడు. ఆయన పోయాక లైసెన్సు నాన్న పేరు మీదికి మార్పించుకోవచ్చు. నాన్న మార్పించలేదు, అప్పజెప్పేశాడు. అప్పుడు నేను హాస్టల్లో ఉన్నా, నాకు తెలీదు. ఎందుకిచ్చేశావని మొన్న ఫోన్లో అడిగితే, "చేను బీడు పెట్టినాం, నువ్వు బెంగళూర్లో ఉండావు. దాన్ని ఎవరు తుడుస్తారప్పా?" అన్నాడు.

దాని ఫొటో ఒక్కటి కూడా మా ఇంట్లో లేదు.