హెడ్‌ఫోనులో మంద్రనాదము

తక్కువ వెలకు దొరకు హెడ్‌ఫోనులలో ఏది కొనినచో హెవీ మెటల్ సంగీతములోని గుండె అదరగొట్టు మంద్రనాదము చక్కగా వినవచ్చును? ఈనాటి యువశ్రోతలు తరచుగా వేయు ప్రశ్న యిది. దినమునకు కొన్ని గంటలు స్టూడియోలో హెడ్‌ఫోను తగిలించుకొని కూర్చుండువారము గనుక, దీనికి సమాధానము చెప్పవలసిన బాధ్యత మాకును కొంత కలదని తలచుచున్నాము. అంగడిలోని పేరులను పట్టికగా చదివి ఒప్పగించుటకు మాకు మనసొప్పదు. అట్టి పట్టికలు ఆరు నెలలలో పాతబడును. హెడ్‌ఫోను పుట్టిన తరువాత సుమారు 60 ఏండ్ల వరకు దానిలో మంద్రనాదము లేదనియే చెప్పవచ్చును. అది యెందుకు లేకపోయినదో, తరువాత ఏ త్రోవన వచ్చి చేరినదో తెలిసికొన్నవాడు పెట్టె మీది అక్షరములకు మోసపోడు.

అలెగ్జాండర్ గ్రాహంబెల్ టెలిఫోనుకు పేటెంటు పొందినది 1876లో. అయిదేండ్లకే, అనగా 1881లో, ఎజ్రా గిల్లిలండ్ అను అమెరికను టెలిఫోను ఉద్యోగినుల కొరకు భుజము మీద మోయదగిన సాధన మొకటి కల్పించినాడు. ఒక చెవికి వినికిడి గొట్టము, నోటి యెదుట మాట అందుకొను పరికరము; మొత్తము బరువు నాలుగయిదు కిలోలు. దినమంతయు ఆ బరువు మోసిన ఆ స్త్రీలే మొదటి హెడ్‌ఫోను శ్రోతలనవచ్చును. వారికి వినవలసినది మాట. మాట అర్థమగుటకు సెకనుకు 300 మొదలు 3,400 కంపనముల వరకు గల ధ్వనులు చాలును. అందుచేత ఆనాటి వినికిడి గొట్టములో అంచు బిగించిన పలుచని ఇనుపరేకు, దాని వెనుక అయస్కాంతము, తీగచుట్ట - ఇంతియే. ఆ రేకు సెకనుకు వేయి కంపనముల ప్రాంతమున మిక్కిలి ఉత్సాహముగా మ్రోగును. నూరు కంపనముల దగ్గర కదలనే కదలదు.

ఇట్టి సాధనముతోనే సంగీతము నమ్మబూనిన సాహసికులును లేకపోలేదు. 1881 నాటి ప్యారిస్ విద్యుత్ప్రదర్శనములో క్లెమెంట్ ఆడెర్ ఆపెరా రంగస్థలము నుండి తీగెలు లాగి, చెవికొక గొట్టము చొప్పున ప్రేక్షకులకు గానము వినిపించినాడు. లండనులో 1895లో వెలసిన ఎలక్ట్రోఫోను వ్యవస్థ చందాదారులకు నాటకశాలల పాటలను, చర్చి ప్రార్థనలను ఇంటికే తెచ్చి యిచ్చినది. ఏడాదికి చందా 5 పౌనులు. సామాన్యునకు అందని ముచ్చట. అది 1925 వరకు నడచినది. గాయకుని గొంతు బాగుగనే వినిపించియుండును గాని, వాద్యబృందములోని పెద్ద మద్దెల, డబుల్‌బేస్ అను నిలువెత్తు తంత్రీవాద్యము ఆ శ్రోతలకు నీడలవలె మాత్రమే అంది యుండును. ఇచ్చట చెవి చేయు చమత్కార మొకటి కలదు. ఒక నాదము యొక్క మూలస్వరము లోపించినను, దానికి రెట్టింపు, మూడురెట్లు గల అనుస్వరములు వినబడినచో, మన మెదడు మూలస్వరమును తానే ఊహించి పూరించుకొనును. టెలిఫోనులో మగగొంతు మగగొంతుగనే తోచుటకు ఇదియే కారణము. స్వరము ఊహకు అందును గాని, దెబ్బ మాత్రము అందదు.

హెడ్‌ఫోనుకు ఈనాటి ఆకారము నిచ్చిన గౌరవము యూటా రాష్ట్రవాసియగు నతానియేల్ బాల్డ్విన్‌ది. ఈయన 1910లో తాను తయారు చేసిన హెడ్‌ఫోనులను పరీక్షార్థము అమెరికా నౌకాదళమునకు పంపినాడు. వారు పరీక్షించి, తాము వాడుచున్నవానికంటె ఇవి ఎంతో మేలని గ్రహించి మరికొన్ని కోరినారు. ఒక్కమారు పదింటికంటె ఎక్కువ పంపజాలనని ఆయన జవాబు. ఆయన కర్మాగారము వంటయిల్లే మరి! ఆయన పద్ధతిలో అయస్కాంత ధ్రువముల నడుమ తూగు చిన్న ఇనుపకడ్డీ అభ్రకపు రేకును కదలించును. అతి సూక్ష్మమగు సంకేతమునకు సైతము అది స్పందించును. నడిసముద్రములో తంతి సంకేతము వినువానికి కావలసినది అదియే. తరువాత రేడియో వెల్లువలో ఆయనకు పెద్ద కర్మాగారమే ఏర్పడినది గాని, 1924లో దివాలా తీసినాడు. ఆ తూగుకడ్డీ పద్ధతి మాత్రము చావలేదు. చెవి రంధ్రములో దూర్చుకొను ఈనాటి ఇయర్‌ఫోనులలో కొన్నింటి యందు అదియే పనిచేయుచున్నది.

మన దక్షిణదేశమునకు రేడియో వచ్చినదియు ఆ రోజులలోనే. మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు 1924లో ప్రసారములు మొదలిడి, ధనాభావముచే 1927లో మానుకొన్నది. క్రిస్టల్ సెట్టుకు బ్యాటరీ అక్కరలేదు. గాలిలో వచ్చిన తరంగపు శక్తియే హెడ్‌ఫోనును మ్రోగించవలెను. అంతటి స్వల్పశక్తికి పలుకునట్టి రేకులో మృదంగము యొక్క తొప్పినాదము వినగోరుట అత్యాశ. మృదంగ విద్వాంసుడు ఎడమమొగమున తడిపిన రవ్వముద్ద అద్ది, చర్మమును బరువెక్కించి మంద్రము తెచ్చుట మన మెరిగినదే. బరువు, వదులు, కదలిక - మంద్రమునకు ఇవి కావలెను. ఇనుపరేకునకు ఇందులో ఏదియు లేదు.

1937లో బెర్లినులో యూజిన్ బేయర్ డి.టి.48 అను హెడ్‌ఫోనును తయారు చేసినాడు. ఇందు కదలునది రేకునకు అంటించిన తీగచుట్ట, లౌడ్‌స్పీకరులోని పద్ధతియే. అది ప్రసార, పరిశోధనశాలల వారి చేతులలోనికి పోయినది. ఇంటిలో గ్రామఫోను వినువానికి హెడ్‌ఫోను చేరుటకు 1958 రావలసి వచ్చినది. అమెరికాలోని మిల్వాకీ నగరములో జాన్ కాస్ ఒక చిన్న గ్రామఫోనును ప్రదర్శనమునకు పెట్టి, దానికి తోడుగా ఎస్.పి.3 అను హెడ్‌ఫోనును ఉంచినాడు. చిన్న లౌడ్‌స్పీకర్లను చెవిగిన్నెలలో అమర్చినదే అది. జనులు గ్రామఫోనును విడిచి హెడ్‌ఫోను చుట్టు మూగినారు.

ఇక అసలు రహస్యమునకు వత్తము. గదిలోని లౌడ్‌స్పీకరు మంద్రము పలుకవలెనన్న ఎంతో గాలిని నెట్టవలెను. అందుకే దానికి పెద్ద పెట్టె. చెవిగిన్నె చెవిచుట్టు గాలి చొరకుండ అమరినచో లోపల చిక్కుకొన్న గాలి కొలదిపాటిదే. రేకు వెండ్రుకవాసి కదలినను ఆ గాలి నొక్కుకొని చెవిగూబను తాకును. గిన్నెకు సందు ఏర్పడినదా, ఆ ఒత్తిడి సందులోనుండి జారిపోవును. ముందుగా పోవునది అట్టడుగు స్వరము. కనుక చవుక హెడ్‌ఫోనులో మంద్రమును నిలుపునది అయస్కాంతపు పరిమాణముకంటె చెవిచుట్టుగల మెత్త యని మా నిశ్చితాభిప్రాయము. కాస్ సంస్థవారు 1970లో ద్రవము నింపిన మెత్తలతో ప్రో 4 ఎ.ఎ. అను నమూనాను వెలువరించుటలో మర్మ మిదియే.

చిత్రమేమనగా, అట్టి మంద్రమును కోరు సంగీతమును ఆ యేడే పుట్టినది. ఇంగ్లండులోని బర్మింగ్‌హాము నగరములో టోనీ అయోమి అను 17 ఏండ్ల యువకుడు 1965లో లోహపురేకుల కర్మాగారమున పనిచేయుచు, యంత్రమున పడి కుడిచేతి రెండు వ్రేళ్ల కొనలు పోగొట్టుకొన్నాడు. ఎడమచేతి వాటము గనుక గిటారు తంతులను నొక్కునది ఆ చేయియే. ప్లాస్టికు సీసాను కరగించి వ్రేళ్లకు తొడుగులు చేసికొన్నాడు. సన్నని తంతులు వేసికొన్నాడు. పోను పోను వానిని వదులు చేసి శ్రుతి తగ్గించినాడు. 1970లో వెలువడిన బ్లాక్ సబ్బాత్ బృందపు తొలి రికార్డు హెవీ మెటలునకు నాంది యందురు. 1971 నాటి మూడవ రికార్డులో కొన్ని పాటలకు శ్రుతి మూడు అర్ధస్వరములు దిగినది. గిటారు క్రింది తంతి మామూలుగా సెకనుకు 82 కంపనములు, దింపగా 69. బేస్ గిటారు 41 నుండి 35కు దిగజారును. తరువాతి బృందములు అయిదు తంతుల బేసుతో 31 వరకు పోయినవి. వ్రేళ్ల నొప్పిని తప్పించుకొనుటకు ఒక కార్మికుడు చేసిన ఉపాయము ఒక సంగీతశాఖకే శ్రుతి యైనది.

సంగీతము ఇట్లు క్రిందికి దిగుచుండగా హెడ్‌ఫోను తేలికయగుట మొదలిడినది. జర్మనీలోని సెన్‌హైజర్ సంస్థ 1968లో తెచ్చిన హెచ్.డి.414 వెనుకవైపు తెరచియున్న నమూనా. చెవికి హాయి, మంద్రము కొంచెము. 1979లో సోనీ వాక్‌మన్ 33,000 యెన్‌లకు వెలువడినప్పుడు దానితో వచ్చినది నురుగుమెత్తల చిన్న హెడ్‌ఫోను. లోకమంతయు వీథులలో సంగీతము విన నేర్చినది, కాని అడుగుస్వరములు వీథిపాలైనవి. 1984 నాటి కాస్ పోర్టా ప్రో తెరచిన నమూనాయే యైనను నూరు కంపనముల చుట్టుపట్ల ధ్వనిని పెంచి చవుకలో బరువు చూపినది. అది మాకును ఇష్టమే. అట్టడుగున ముప్పది నలుబది కంపనముల దగ్గర మాత్రము దానికి బలము చాలదు.

చవుక సరుకు లన్నింటి గుట్టు ఇచ్చటనే కలదు. "ఎక్స్‌ట్రా బేస్" అని ముద్రించిన వానిలో పెక్కింట నూరు మొదలు రెండువందల కంపనముల వరకు ఒక గుట్ట పోసియుందురు. డప్పుతో పాటకు అది సరదాగనే యుండును. హెవీ మెటలులో ఆ స్థలమున గిటారు నివసించుచున్నది! గుట్ట దానిపై పడగా గిటారు, బేసు, డోలు కలిసి బురదయగును. పైగా రెండు పాదములతో వాయించు డోలుదెబ్బకు అడుగున 60 కంపనముల గుండు ఎంత అవసరమో, పైన మూడువేల కంపనముల టక్కు అంత అవసరము. అది లేనిచో దెబ్బలు విడివిడిగా వినబడవు.

మరి వెల పెంచినచో బాగుపడునా? 2017లో యెరూన్ బ్రీబార్ట్ అను పరిశోధకుడు 283 హెడ్‌ఫోనుల కొలతలను పరిశీలించి, వాని స్వరస్పందనకును వెలకును సంబంధము కనబడలేదని ప్రకటించినాడు. వెల యెక్కువైనచో గట్టిదనము, సౌఖ్యము హెచ్చవచ్చును. ధ్వని హెచ్చునను హామీ లేదు. అల్పధనులగు విద్యార్థులకు ఇంతకంటె తీపికబురు లేదు.

కనుక అంగడికి పోవువాడు వెనుక మూసియున్న, చెవి మొత్తము ఇముడు గిన్నెలున్న దానిని ఎన్నుకొనవలెను. లేదా చెవిరంధ్రములో బిగియు ఇయర్‌ఫోను, మూడు పరిమాణముల రబ్బరు మూతులతో. తనకు బాగుగా తెలిసిన పాట పెట్టి, గిన్నెలను చేతులతో మెల్లగా నొక్కవలెను. నొక్కగానే మంద్రము పొంగినచో అది ఆ తలకు అమరలేదన్న మాట. కండ్లజోడు కాడలు సందు చేయును. జోడు పెట్టుకొనియే పరీక్షింపవలెను. సెల్‌ఫోనుతో వినువానికి 32 ఓములది చాలును. 250 ఓముల స్టూడియో నమూనా చవుకగా దొరికినను వేరు ఆంప్లిఫయరు లేనిదే పలుకదు.

చెవి సంగతియు చెప్పవలెను. ఫ్లెచర్, మన్సను అను శాస్త్రజ్ఞులు 1933లో చూపినట్లు, మెల్లని ధ్వనిలో మన చెవి మంద్రమునకు సగము చెవుడు. సెకనుకు 40 కంపనముల నాదము, మధ్యస్వరముతో సమానముగా తోచవలెనన్న 40 డెసిబెల్లు అదనముగా కావలెను. మంద్రము లేని హెడ్‌ఫోను కొన్నవాడు దాని కొరకు ధ్వనిని పెంచుకొనుచు పోవును. మంద్రము రాదు, మధ్యస్వరములు చెవిలోని సున్నితమగు కణములను కొట్టును. అవి పోయినచో తిరిగి మొలువవు. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారము పెద్దలు వారమునకు 80 డెసిబెల్ల వద్ద 40 గంటలు వినవచ్చును. 90 వద్ద 4 గంటలే. బస్సులో బయటి రొదను ఆపు మూతగిన్నె ఉన్నవానికి ధ్వని పెంచవలసిన అవసరమే తగ్గును.

కొన్న రెండేండ్లకు మంద్రము తగ్గినట్లు తోచినచో యంత్రమును పారవేయ నక్కరలేదు. చెమటకు మెత్తతోలు పొరలెత్తి, నురుగు అణగి, అంచున సందు పడియుండును. పెక్కు నమూనాలకు మెత్తల జత విడిగా దొరకును.