ఒంట్లో బాగోలేదని చెప్పే హక్కు

1919 జూలైలో న్యూయార్క్ దగ్గరి బెల్మాంట్ మైదానాన్ని పొగమంచు కమ్మేసింది. అమెరికా తపాలా శాఖకు టపా విమానాలు నడిపే ఇద్దరు పైలట్లు ఆ మంచులో ఎగరబోమన్నారు. శాఖ వాళ్లిద్దర్నీ ఉద్యోగాల్లోంచి తీసేసింది. దాంతో మిగతావాళ్లూ విమానాలెక్కడం మానేశారు. కొద్ది రోజుల్లోనే రాజీ కుదిరింది. వాతావరణం అనుకూలమో కాదో మైదానం మేనేజరే తేల్చాలి. పైలట్ కాదంటే మాత్రం ఆ మేనేజరే ముందు పైకెళ్లి చూసి రావాలి. విమానం నడపడం రానివాడైతే టపా సంచులు పెట్టే చోట కూర్చుని వెళ్లాలి. ఇంత ముచ్చటైన షరతు ఆ తర్వాత నూరేళ్లలో మరే యూనియన్‌కూ దక్కలేదేమో!

మంచునైతే మేనేజరు పైకెళ్లి చూడొచ్చు. పైలట్ ఒంట్లో నలతను ఎవరు చూడాలి? జలుబుతో గుమాస్తా ఆఫీసుకెళితే మహా అయితే ఫైలు ఆలస్యమవుతుంది. పైలట్‌కు ముక్కు, చెవులు దిబ్బడేసి ఉంటే, విమానం కిందికి దిగేటప్పుడు గాలి ఒత్తిడి మారి చెవిపోటు పుడుతుంది, తల తిరగొచ్చు. అందుకే ఆరోగ్యం దెబ్బతిందని తెలిసినప్పుడు లైసెన్సుదారు విధుల్లోకి దిగకూడదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధన పెట్టింది. అమెరికా చట్టమూ అదే అంటుంది. అంటే పైలట్‌కు సిక్ లీవు హక్కే కాదు, బాధ్యత కూడా. అయితే తెలిసేది ముందు అతనికే కాబట్టి, ఏర్పాటంతా అతని మాట మీద నడవాల్సిందే.

ఆ మాట బేరసారాల్లోకి ఎలా వచ్చిందో తెలియాలంటే అమెరికా చట్టం సంగతి కొంత చెప్పుకోవాలి. డేవిడ్ బెంకీ నాయకత్వంలో 1931లో పైలట్ల సంఘం పుట్టింది. 1934లో జాతీయ కార్మిక బోర్డు నెలకు 85 గంటలకు మించి ఎగరనివ్వకూడదని తీర్పిచ్చింది. 1936లో రైల్వే కార్మిక చట్టాన్ని విమాన సంస్థలకూ వర్తింపజేశారు. 1939లో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌తో ఆ సంఘం తొలి కాంట్రాక్టు రాసుకుంది.

రైల్వే చట్టంలోని తిరకాసు ఏమిటంటే, దాని కింద రాసుకున్న కాంట్రాక్టుకు గడువు తీరడమన్నదే లేదు. ఫలానా తేదీ తర్వాత సవరించుకోవచ్చు, అంతే. కొత్తది కుదిరేదాకా పాతదే నడుస్తుంది. మధ్యవర్తిత్వ బోర్డు ఇక లాభం లేదని చేతులెత్తేశాక ఇంకో 30 రోజులు ఆగితేగానీ సమ్మెకు వీలుండదు. బోర్డు చేతులెత్తడానికి ఏళ్లు పట్టినా అడిగేవాడు లేడు. అదే కాంట్రాక్టులో పైలట్ ఖాతాలో గంటల లెక్కన జమయ్యే సిక్ లీవు మాత్రం ఉంటుంది. దాన్ని వాడుకోవడానికి బోర్డు అనుమతి అక్కర్లేదు.

ఆ సంగతి 1999 ఫిబ్రవరిలో దేశమంతటికీ తెలిసింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ అంతకుముందే రీనో ఎయిర్ అనే చిన్న సంస్థను కొంది. రీనో పైలట్ల జీతాలు తక్కువ. వాళ్లను ఎప్పుడు, ఎలా తమతో కలుపుతారన్న దానిపై గొడవ మొదలై, పైలట్లు ఒకరి వెనక ఒకరు సిక్ లీవు పెట్టారు. వేల సర్వీసులు రద్దయ్యాయి. డల్లాస్‌లో ఫెడరల్ జడ్జి జో కెండాల్ పనిలోకి రమ్మని ఉత్తర్వు ఇచ్చాక తగ్గాల్సిన రోగుల జాబితా ఇంకా పెరిగింది! జడ్జికి ఒళ్లు మండింది. కోర్టు ధిక్కారం కింద యూనియన్‌ మీద 4 కోట్ల 55 లక్షల డాలర్లు పడ్డాయి. అప్పీలులోనూ అదే ఖాయమైంది. అప్పట్నుంచి సిక్ లీవుల సంఖ్య పెరిగితే చాలు, యాజమాన్యాలు గణాంకాలు పట్టుకుని కోర్టుకెళ్లడం మామూలైంది. 2008లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ కూడా అలాగే ఇంజంక్షన్ తెచ్చుకుంది.

ఈ తగువులో అసలు నష్టపోయేది నిజంగా జబ్బుపడినవాడని నా అభిప్రాయం. 2009 ఫిబ్రవరి 12న అమెరికాలోని బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ సంస్థ విమానం కూలి 50 మంది చనిపోయారు. కాక్‌పిట్ రికార్డింగులో కో-పైలట్ ముక్కు చీదడం వినిపిస్తుంది. ఇంటి దగ్గరే ఉండగా ఇలా ఉంటే వచ్చేదాన్ని కాననీ, ఇక్కడిదాకా వచ్చాక సెలవు పెడితే హోటల్ ఖర్చు మీద పడుతుందనీ ఆమె అన్నారు. రెక్కలు పట్టు తప్పుతున్నాయన్న (స్టాల్) హెచ్చరికకు కెప్టెన్ తప్పుగా స్పందించడమే ప్రమాదానికి కారణమని దర్యాప్తులో తేలింది కాబట్టి తప్పును జలుబు మీదికి నెట్టలేం. కానీ చాలీచాలని జీతం మీద బతికే మనిషి సిక్ లీవును ఎలా లెక్కేసుకుంటుందో ఆ మాటల్లో ఉంది. 2014 జనవరి 4 నుంచి అమల్లోకొచ్చిన అమెరికా విశ్రాంతి నిబంధనలు, డ్యూటీకి తగిన స్థితిలో ఉన్నానని పైలట్ ధ్రువీకరించాలన్నాయి. అలసిపోయానని చెప్పినవాణ్ని ఎగరమనకూడదని సంస్థల మీదా బాధ్యత పెట్టాయి.

మన దేశంలో కథ వేరే చట్టం మీద నడిచినా, చేరింది అక్కడికే. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం విమాన రవాణాను ప్రజోపయోగ సేవల్లో చేర్చింది. దాని కింద నోటీసివ్వకుండా సమ్మె చేస్తే చట్టవిరుద్ధమయ్యేది. రాజీ చర్చలు నడుస్తున్నప్పుడు చేసినా అంతే. 2009 సెప్టెంబరులో జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు యూనియన్ పెట్టుకున్న సహచరుల్ని తీసేశారని వందల సంఖ్యలో సిక్ లీవు పెట్టారు. అయిదు రోజులకే యాజమాన్యం దిగొచ్చి వాళ్లను వెనక్కి తీసుకుంది. 2012 మేలో ఎయిర్ ఇండియాలో మాత్రం అంత సులువుగా తేలలేదు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ నుంచి విలీనమైన పైలట్లకూ డ్రీమ్‌లైనర్ శిక్షణ ఇస్తే తమ పదోన్నతులు వెనకబడతాయని ఇండియన్ పైలట్స్ గిల్డ్ సభ్యులు మూకుమ్మడిగా సిక్ లీవు పెట్టారు. ఢిల్లీ హైకోర్టు దాన్ని చట్టవిరుద్ధమంది, యాజమాన్యం గిల్డ్ గుర్తింపు రద్దుచేసి వంద మంది దాకా తొలగించింది. 58 రోజుల తర్వాత పైలట్లు హైకోర్టుకు హామీ ఇచ్చి తిరిగొచ్చారు.

2024 వసంతంలో విస్తారా విమాన సంస్థ వంతు. ఎయిర్ ఇండియాలో విలీనానికి ముందు, 70 గంటలకు ఉన్న ఖాయమైన జీతాన్ని 40 గంటలకు తగ్గించే కాంట్రాక్టు ఇవ్వగానే చాలామందికి ఒంట్లో బాగోలేకపోయింది. సంస్థ రోజుకు పాతిక ముప్ఫై సర్వీసులు తగ్గించుకుంది. అయితే సిక్ లీవులన్నీ బేరాలు కావు. అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా విమానం కూలిన నాలుగు రోజులకు, 2025 జూన్ 16న, ఆ సంస్థలో 112 మంది పైలట్లు సిక్ లీవు పెట్టారని ప్రభుత్వం లోక్‌సభలో చెప్పింది. అక్కడ అడిగిన జీతమూ లేదు, పెట్టిన షరతూ లేదు.

1947 చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్, సగం మంది కూడబలుక్కుని ఒకే రోజు క్యాజువల్ లీవు పెడితే సమ్మె కిందే లెక్క అంటోంది. సిక్ లీవు ఊసు అందులో లేదు. ఆ తర్వాత రెండు వారాలకే, కొత్త విశ్రాంతి నిబంధనలకు సరిపడా సిబ్బంది లేక ఇండిగో వేల సర్వీసులు రద్దుచేసింది. పౌర విమానయాన శాఖకు ఊపిరాడలేదు. పైలట్ పెట్టిన సెలవును వారపు విశ్రాంతి కింద లెక్కకట్టకూడదన్న షరతును విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ డిసెంబరు 5న వెనక్కి తీసుకుంది. పైలట్ల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. ఆ షరతు పోయాక, జ్వరంతో మంచం మీద పడున్న రెండు రోజులనూ సంస్థ విశ్రాంతి ఖాతాలో రాసుకునే వీలు వచ్చింది.